చండీగఢ్‌కు తొలి గీతలు గీసిన పోలండ్ మాస్టారు

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. చండీగఢ్‌కు ప్రసిద్ధ ఫ్రెంచ్ ఆర్కిటెక్టు లె కార్బూజియే రాకముందే ఒక పోలండ్ ఆర్కిటెక్టు పనిచేశారని క్లాసులో విన్నారు. ఆయన ఎవరు, అంత ప్రతిభ ఉన్నవారైతే పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా దాటి ఎందుకు కనిపించరు అన్నది మొదటిది. ఆయన బతికి ఉంటే చండీగఢ్ మరోలా ఉండేదా అన్నది రెండోది. మొదటిదానికి గట్టి జవాబే ఉంది. రెండోది ఊహ. అయినా ముప్ఫై ఏళ్ళు పిల్లల డ్రాయింగులు దిద్దినవాణ్ణి కదా, ఊహించకుండా ఉండలేను.

ముందు పేరు సరిచేసుకుందాం. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మనవాళ్ళు 'నోవికి' అంటుంటారు. పోలిష్ ఉచ్చారణకు దగ్గరగా రాస్తే మాచేయ్ నొవిత్స్కీ. అమెరికా చేరాక మాచేయ్ కాస్తా మాథ్యూ అయింది. పుట్టింది 1910 జూన్ 26న, సైబీరియాలోని చితా పట్టణంలో. పోయింది 1950 ఆగస్టు 31న, ఈజిప్టులో కూలిన విమానంలో. పోలండ్ దాటి బయట పనిచేసింది 1945 డిసెంబరు నుంచి ఆ రోజు వరకే. అంటే ఆయన అంతర్జాతీయ వృత్తి జీవితం మీ ఐదేళ్ళ ఆర్కిటెక్చర్ డిగ్రీ చదువంత కూడా లేదు. పాఠ్యపుస్తకంలో ఒక పేరాకే పరిమితం కావడానికి ఇదొక కారణం. రెండో కారణం ఇంకా ముఖ్యమైనది, దానికి తర్వాత వస్తాను.

తండ్రి పోలండ్ దౌత్య ఉద్యోగి. చికాగోలో కాన్సల్‌గా ఉన్న రోజుల్లో పిల్లవాడు కొంతకాలం అక్కడ పెరిగాడు. తర్వాత వార్సా పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ చదివి 1936లో పట్టా పుచ్చుకున్నారు. తోటి విద్యార్థిని స్తానిస్లావా సాన్డెత్స్కాను పెళ్ళాడారు. అందరూ ఆమెను 'షాషా' అని పిలిచేవారు. ఇద్దరూ కలిసి పోస్టర్లు గీసేవారు. నొవిత్స్కీ గురించి రాసేవాళ్ళు ఈ పోస్టర్ల సంగతి ఒక వాక్యంలో దాటేస్తారు కానీ, నాకు అది చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. పోస్టరు గీసేవాడికి ఉన్నది ఒక్క కాగితం. వీధిలో నడిచిపోయే మనిషి దాన్ని రెండు క్షణాల కంటే ఎక్కువ చూడడు. అనవసరమైన గీత ఒక్కటి ఉన్నా చూపు అక్కడ చిక్కుకుంటుంది. ఆ అలవాటు ఆయన చేతిని చివరిదాకా వదల్లేదు. అమెరికాలోని రాలీ నగరంలో ఆయన గీసిన మండపం గురించి చెప్పేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి.

తర్వాత యుద్ధం. జర్మన్ ఆక్రమణలో పోలండ్ వాళ్ళకు ఉన్నత విద్య నిషేధం. చేతిపనుల బడులకు మాత్రం అనుమతి ఉండేది. అందుకని వార్సాలో ఆర్కిటెక్చర్ పాఠాలు తాపీపని బడి ముసుగులో రహస్యంగా నడిచాయి. అలా చెప్పినవారిలో నొవిత్స్కీ ఒకరు. బయటకు ఇటుక మీద ఇటుక పేర్చడం, లోపల నగర నిర్మాణం. ఆ పాఠాలు నడిచిన నగరమే 1944 తిరుగుబాటు తర్వాత నేలమట్టమైంది. 1945లో రాజధాని పునర్నిర్మాణానికి ఏర్పడిన కార్యాలయంలో నగర మధ్యభాగం ప్రణాళిక మీద ఆయన పనిచేశారు. శిథిలాల గుట్టల మధ్య నిలబడి రేపటి వీధి ఎక్కడ పోవాలో గీయడమన్న మాట. చండీగఢ్‌కు ఆయన్ను పిలిచినప్పుడు ఈ అనుభవం గురించి పంజాబ్ అధికారులు ఎంత ఆలోచించారో నాకు తెలియదు కానీ, అలాంటి మనిషి దొరకడం మాత్రం అదృష్టమే.

1945 డిసెంబరులో చికాగోలోని పోలండ్ కాన్సులేట్‌కు సాంస్కృతిక ప్రతినిధిగా వచ్చారు. వలస వెళ్ళాలని వచ్చినవారు కాదు, ప్రభుత్వ పని మీద వచ్చినవారు. తర్వాత న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయం పని. 1947లో ఆ డిజైన్ బృందానికి ప్రత్యేక సలహాదారుల్లో ఒకరు. అదే బృందంలో లె కార్బూజియే, బ్రెజిల్ నుంచి ఆస్కార్ నీమాయర్ ఉన్నారు. మూడేళ్ళ తర్వాత హిమాలయాల పాదాల దగ్గర ఒకరు వదిలిన కుర్చీలో మరొకరు కూర్చోబోతున్నారని ఆ గదిలో ఎవరూ అనుకొని ఉండరు. ఈలోగా పోలండ్‌లో కమ్యూనిస్టుల పట్టు బిగిసింది. నొవిత్స్కీ తిరిగి వెళ్ళలేదు. వచ్చిన దౌత్య ఉద్యోగి అక్కడే వలసదారుగా మిగిలిపోయారు.

ఇక ఆయన్ను అమెరికాలో నిలబెట్టింది బోధన. బ్రూక్లిన్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో కొంతకాలం చెప్పారు. నగరాల చరిత్ర మీద ఆ కాలంలో పెద్ద గొంతు లూయిస్ మంఫర్డ్‌ది. ఆయనకు ఈ పోలండ్ యువకుడి మీద గురి కుదిరింది. 1948లో నార్త్ కరోలైనా రాష్ట్రం రాలీ నగరంలోని కళాశాలలో కొత్తగా డిజైన్ విభాగం తెరిచినప్పుడు, డీన్ హెన్రీ కాంఫెఫ్నర్‌కు నొవిత్స్కీ పేరు చెప్పింది ఆయనే. అలా ఆర్కిటెక్చర్ శాఖకు తాత్కాలిక అధిపతిగా రాలీ చేరారు. అప్పటికి అది పొగాకు, పత్తి పండించే రాష్ట్రంలో ఒక మోస్తరు ఊరు. విద్యార్థుల్లో యుద్ధం నుంచి తిరిగొచ్చి ప్రభుత్వ ఖర్చుతో చదువుతున్న సైనికులు చాలామంది. యుద్ధాన్ని వాళ్ళూ చూశారు, మాస్టారూ చూశారు. క్లాసులో వయసు తేడా కూడా పెద్దగా ఉండి ఉండదు.

ఆయన బోధనలో ఒక ఆలోచన నేను నా పాఠాల్లో ఏళ్ళ తరబడి వాడుకున్నాను. ఆధునిక ఆర్కిటెక్చర్ మొదటి తరం కొలత కచ్చితత్వాన్ని పట్టుకుంది, ప్రతి గదికీ ఒకే పని, ఆ పనికి సరిగ్గా సరిపోయే ఆకారం అని ఆయన విశ్లేషించారు. తర్వాతి తరం వెసులుబాటు వైపు మళ్ళింది. ఒక విశాలమైన చోటు ఇచ్చి, అందులో రేపు ఏ పనైనా జరిగేలా వదిలేసింది. నేను పిల్లలకు దీన్ని ఇలా చెప్పేవాణ్ణి: మొదటిది దర్జీ కొలత తీసి కుట్టిన చొక్కా, రెండోది పంచె. చొక్కా ఒకడికే సరిపోతుంది. పంచె తండ్రికీ కొడుకుకీ సరిపోతుంది, కాకపోతే కట్టుకోవడం తెలిసి ఉండాలి. ఆయన రెండింటిలో ఏదో ఒకటే మంచిదని తీర్పు చెప్పలేదు. పైగా ఆ రోజుల్లో అందరూ మంత్రంలా వల్లించే 'రూపం పనిని అనుసరిస్తుంది' అన్న మాటను ఎత్తుకొని, నిజానికి మనం చేసే డిజైన్లలో చాలావరకు రూపం మరో రూపాన్నే అనుసరిస్తోందని రాశారు. తోటి ఆధునికుల మీద ఆధునికుడు వేసిన చురక అది. పత్రికల్లో ఫొటోలు చూసి స్టూడియో ప్రాజెక్టు తెచ్చే ప్రతి విద్యార్థికీ ఇప్పటికీ తగులుతుంది. మీకు తగలకపోతే సంతోషం.

రాలీ మండపం దగ్గరకు వద్దాం. ఆయన కట్టడాల్లో ఇదొక్కటి చూస్తే చాలు.

రాష్ట్ర స్థాయిలో ఏటా అక్టోబరులో జరిగే వ్యవసాయ ప్రదర్శనకు పశువులను నిలబెట్టి బహుమతులు నిర్ణయించే పెద్ద మండపం కావాలి. నిర్వాహకుడు జె.ఎస్. డోర్టన్ స్వయంగా పశువైద్యుడు. నొవిత్స్కీకి ఆ రాష్ట్రంలో లైసెన్సు లేదు. అందుకని స్థానిక ఆర్కిటెక్టు విలియం డైట్రిక్ కార్యాలయం ద్వారా పని నడిచింది. ఇంజనీరు న్యూయార్క్‌కు చెందిన ఫ్రెడ్ సెవరూడ్. నొవిత్స్కీ ఇచ్చిన ఆలోచనను మాటల్లో పెట్టడం తేలిక: మడత స్టూలు ఊహించుకోండి. రెండు చట్రాలు ఒకదాన్నొకటి దాటుకుంటూ నిలబడతాయి, వాటి మధ్య గుడ్డ వేలాడుతుంది. కూర్చుంటే గుడ్డ చట్రాలను లోపలికి లాగుతుంది, అందుకే అది పడదు. ఇక్కడ చట్రాలు రెండు కాంక్రీటు కమానులు. పరావలయం ఆకారంలో సుమారు 90 అడుగుల ఎత్తుకు లేచి, రెండూ బయటి వైపు బాగా వాలి, నేలకు కొద్ది ఎత్తులో ఒకదాన్నొకటి దాటుకుంటాయి. వాటి మధ్య ఉక్కు తాళ్ళ వల. ఆ వల మీద పలుచటి కప్పు, గుర్రం జీను ఆకారంలో. కమానులు బయటికి పడిపోదామని చూస్తాయి, తాళ్ళు లోపలికి లాగుతాయి. ఈ పోట్లాటలోనే మండపం నిలబడింది. కమానుల పాదాలు విడిపోకుండా భూమి లోపల ఉక్కుతో బిగించారు. మధ్యలో ఒక్క స్తంభం లేదు. చుట్టూ కమాను కింద నిలువు ఉక్కు కడ్డీలు, వాటి మధ్య గాజు.

కప్పు మరీ తేలిక కావడంతో గాలికి రెపరెపలాడే ప్రమాదం ఉంది. లోపలి నుంచి స్ప్రింగులతో తీగలు కట్టి దాన్ని అదుపు చేయాల్సి వచ్చింది. అలాంటి కప్పు అంత పెద్ద ఎత్తున కట్టడం అదే కొత్త కాబట్టి, లెక్కలు కూడా పని జరుగుతూండగానే కుదిరాయి. భవనం 1952లో పూర్తయింది. అప్పటికి గీసిన మనిషి లేడు. డైట్రిక్, సెవరూడ్ ఆ గీత చెదరకుండా కట్టి నిలబెట్టారు. 1961లో దానికి డోర్టన్ పేరు పెట్టారు.

మా అమ్మాయి రాలీ పక్కనే కేరీలో ఉంటుంది. అక్కడ మన తెలుగువాళ్ళు ఎంతమందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఒక అక్టోబరులో మనవడు జెయింట్ వీల్ ఎక్కుతానంటే ప్రదర్శనకు వెళ్ళాం. వాణ్ణి వాళ్ళ నాన్నకు అప్పగించి నేను మండపంలోకి దూరాను. ఫొటోల్లో చూసినప్పుడు ఉక్కు, కాంక్రీటు, లెక్కల గొప్ప అనుకున్నాను. లోపల నిలబడితే వేరుగా ఉంది. వెలుతురు పక్కల నుంచి వస్తుంది, కప్పు మధ్యలో కిందికి వంగి రెండు చివరలా పైకి లేచి, మనిషిని బయటికి చూడమంటుంది. గంటసేపు పైకి చూస్తూ తిరిగితే మెడ పట్టేసింది. రెండు గీతలు, మధ్య ఒక వల: ముందు చెప్పిన పోస్టరు ఇదే.

1950లో జర్మనీ నుంచి వచ్చిన ఒక విద్యార్థి న్యూయార్క్‌లో సెవరూడ్ కార్యాలయానికి వెళ్ళి ఈ మండపం డ్రాయింగులు చూశాడు. అతని పేరు ఫ్రై ఓటో. తిరిగి వెళ్ళి వేలాడే కప్పుల మీదే డాక్టరేట్ చేశాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్ స్టేడియం మీద పరచిన ఆ గుడారం లాంటి కప్పు వెనుక ఆయన బుర్ర ఉంది. కాబట్టి ఎవరి వంశవృక్షంలో ఎవరున్నారో చూస్తే రాలీ పశువుల మండపం కొమ్మలు చాలా దూరం పోయాయి.

అదే కాలంలో నొవిత్స్కీ మరో ఆర్కిటెక్టు ఈరో సారినెన్‌తో కలిసి బోస్టన్ దగ్గర బ్రాండైస్ విశ్వవిద్యాలయం ప్రణాళిక కూడా గీశారు. దాని గురించి పెద్దగా చెప్పను. నాకు అంత ఆసక్తి కలగలేదు.

ఇప్పుడు చండీగఢ్. రాష్ట్రం చీలి రాజధాని పోగొట్టుకోవడం అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1953లో కర్నూలులో గుడారాల కింద నడిచిన ఆఫీసుల గురించి మా పెద్దవాళ్ళు చెప్పేవారు, అమరావతి సంగతి మీరే చూశారు. 1947లో లాహోర్ పాకిస్తాన్‌కు పోవడంతో తూర్పు పంజాబ్ ప్రభుత్వం సిమ్లా నుంచి నడిచింది. కొత్త రాజధాని పని పాలనాధికారి పి.ఎన్. థాపర్, చీఫ్ ఇంజనీరు పి.ఎల్. వర్మల చేతుల్లో పడింది. వాళ్ళు ముందు తీసుకున్నది న్యూయార్క్ ప్రణాళికాకారుడు ఆల్బర్ట్ మేయర్‌ను. ఉత్తరప్రదేశ్‌లోని ఎటావాలో గ్రామాభివృద్ధి పథకం నడిపిన మనిషి కాబట్టి మన దేశం కొత్త కాదు. మేయర్ తన బృందంలో ఆర్కిటెక్టుగా నొవిత్స్కీని చేర్చుకున్నారు. అంతిమంగా 5 లక్షల జనాభాకు, మొదటి దశలో లక్షన్నరకు నగరం. రెండు వాగుల మధ్య విసనకర్రలా విచ్చుకునే ఆకారం, వంపు తిరిగిన రోడ్లు, ఇళ్ళను పెద్ద పెద్ద వాడలుగా కలిపి లోపల బడి, అంగడి, పచ్చిక ఉండేలా ఏర్పాటు, పై అంచున కొండల వైపు ప్రభుత్వ భవనాలు.

1950 వేసవి చివర నొవిత్స్కీ మన దేశం వచ్చారు. ఆ కొద్ది వారాల్లోనే మేయర్ పథకాన్ని ఆకు రూపంలో తిరిగి గీశారు. మధ్య ఈనె వెంట వ్యాపార ప్రాంతం, పక్క ఈనెల వెంట వాడలు. దాన్ని చూసినప్పుడల్లా నాకు తమలపాకే గుర్తొస్తుంది. నగరం ఆకారం కంటే నాకు ఎక్కువ నచ్చేవి ఆయన ఇళ్ళ చిత్రాలు. వరసగా చిన్న ఇళ్ళు, ఎండ ఆపే జాలీలు, ఇటుక గోడలు, పడుకోవడానికి డాబా, వీధిలో మనుషులు. వచ్చి రెండు నెలలు కాలేదు, ఎండాకాలంలో మనం ఎక్కడ పడుకుంటామో గమనించేశారు. ఆ చేతిలో చూపు ఉంది.

ఆగస్టు చివర అమెరికా తిరుగు ప్రయాణం. బొంబాయి నుంచి కైరో, రోమ్ మీదుగా న్యూయార్క్ వెళ్ళే విమానం కైరోలో లేచిన కొంతసేపటికి ఇంజిన్ మంటలతో ఎడారి అంచున కూలిపోయింది. ప్రయాణికులు, సిబ్బంది కలిపి 55 మందిలో ఎవరూ మిగల్లేదు. ఆయన వయసు 40.

తర్వాత కథ మీకు తెలుసు. థాపర్, వర్మ అదే ఏడాది చివర యూరప్ వెళ్ళారు. ఇంగ్లండ్ ఆర్కిటెక్టు దంపతులు మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ, వాళ్ళతోపాటు లె కార్బూజియే, ఆయన బంధువు పియెర్ జానరే ఈ పనికి ఒప్పుకున్నారు. 1951 ఫిబ్రవరిలో కార్బూజియే వచ్చి కొద్దిరోజుల్లోనే వంపు రోడ్లను చాలావరకు సరళరేఖలుగా మార్చి దీర్ఘచతురస్రాల గడి వేశారు. వాడలు 800 మీటర్లకు 1200 మీటర్ల సెక్టర్లయ్యాయి. ప్రభుత్వ భవనాలు తల భాగంలోనే ఉండిపోయాయి, పరిశ్రమలు ఒక పక్కన, విశ్వవిద్యాలయం ఇంకో పక్కన అన్న లెక్క కూడా మిగిలింది. అందుకే "మొత్తం కార్బూజియే సొంత ఆలోచనే" అనే మాట నేను ఒప్పుకోను. "మేయర్, నొవిత్స్కీల పథకాన్ని దొంగిలించారు" అనేది కూడా ఒప్పుకోను. ఊరి ఎముకలు కొన్ని పాతవి, నడక మాత్రం పూర్తిగా కొత్తది.

బతికి ఉంటే ఏమయ్యేది? నా ఊహ చెబుతాను, తప్పనిపిస్తే మీ మాస్టారితో వాదించుకోండి. నగరం ప్రణాళిక బహుశా మేయర్ గీసినదానికి దగ్గరగా ఉండేది, ఇంకాస్త మెత్తగా. వీధుల్లో నీడ ఎక్కువ, బజార్లలో సందడి ఎక్కువ ఉండేవి. కానీ హైకోర్టు, శాసనసభ లాంటి కట్టడాలు వచ్చి ఉండేవి కావు. కార్బూజియే చేతి బరువు వేరు. ఆ కాంక్రీటు ముందు నిలబడినప్పుడు, ఎండలో కాళ్ళు కాలుతున్నా, నేను నోరు మూసుకున్నాను. కాబట్టి మనం ఒకటి పోగొట్టుకుని మరొకటి పొందాం. ఏది మేలని అడిగితే, అక్కడ అద్దెకు ఉన్నవాళ్ళ దగ్గర ఒక జవాబు, కెమెరా పట్టుకు వెళ్ళేవాళ్ళ దగ్గర ఇంకొకటి వస్తుంది.

ఇప్పుడు ముందు దాటవేసిన రెండో కారణానికి వస్తాను. ఆయన పేరు పెద్దగా వినబడకపోవడానికి తక్కువ కాలం బతకడం ఒక్కటే కారణం కాదు. ఆయన పని ఎప్పుడూ ఇంకొకరి పనిలో కలిసి ఉంది. పోస్టర్ల మీద భార్య పేరు పక్కన ఉంది. మండపం డైట్రిక్ సంస్థ కాగితాల మీద, సెవరూడ్ లెక్కల మీద వచ్చింది. బ్రాండైస్‌లో సారినెన్, చండీగఢ్‌లో మేయర్. సంతకం వెతికేవాళ్ళకు ఆయన కనిపించరు. కనిపించేలా చేసింది మంఫర్డ్. 1954లో అమెరికాలోని ఒక ప్రముఖ ఆర్కిటెక్చర్ పత్రికలో నొవిత్స్కీ జీవితం, బోధన, కట్టడాల మీద నాలుగు భాగాలుగా ఆయన రాశారు. ఆ తరం చదువుకున్నది ఆ వ్యాసాల నుంచే.

షాషా సంగతి మాత్రం ఎవరూ మర్చిపోకూడదు. భర్త పోయాక ఇద్దరు కొడుకులతో ఆమె ఫిలడెల్ఫియా వెళ్ళి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో దాదాపు పాతికేళ్ళు ఆర్కిటెక్చర్ బోధించారు. అమెరికాలో ఆ శాస్త్రంలో పూర్తిస్థాయి ఆచార్య పదవి పొందిన తొలి మహిళ ఆమేనంటారు. మొదటి ఏడాది పిల్లల చేతికి కాగితం ఇచ్చి, కత్తిరించి మడిచి చూడండి, ఎక్కడ మడిస్తే బలం వస్తుందో మీ వేళ్ళకే తెలుస్తుంది అనేవారట. పలుచటి వస్తువు ఆకారం వల్ల ఎలా గట్టిపడుతుందో చెప్పడానికి అంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. నేను కూడా పాత క్యాలెండర్ కాగితాలతో అదే చేయించేవాణ్ణి, కాకపోతే ఎవరి దగ్గర నేర్చుకున్నానో అప్పుడు నాకే తెలియదు.

చదువు పర్యటనలో చండీగఢ్ వెళ్తే సెక్టర్ 10లోని ఆర్కిటెక్చర్ మ్యూజియం వదలకండి. అందరూ శాసనసభ నమూనా ముందు గుమిగూడతారు. మీరు మేయర్ పథకం దగ్గర కాసేపు ఆగండి. నోటుబుక్కులో ఒక ఆకు గీసుకొని, బయటికొచ్చాక ఏదైనా పాత సెక్టరులో నడిచి చూడండి. ఎక్కడ రోడ్డు కొద్దిగా వంగిందో అక్కడ ఆగి, ఎందుకు వంగిందో మీ మాస్టారిని అడగండి.